ఆశానిగ్రహము: క్రైస్తవ జీవితమున శీలసాధన

తెలుగు బైబిలునందు ఆశానిగ్రహమను మాట యొకటి కలదు. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో, అయిదవ అధ్యాయమున, ఆత్మ ఫలముగా పేర్కొనబడిన తొమ్మిది గుణములలో నిది కడపటిది. ప్రేమతో మొదలైన వరుస దీనితో ముగియుచున్నది. ప్రసంగములయందు ఈ మాట తరచుగా వినబడుచున్నను దాని యర్థమును ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా గ్రహించుచున్నారు. కల్లు, సారాయి, పొగాకు, జూదము మొదలగువాని నిషేధముల పట్టికయే ఆశానిగ్రహమని కొందరి భావము. చలువబట్టలు, మెల్లనిమాట, వేళకు వచ్చి వేళకు పోవుట, ఈ పెద్దమనిషి తరహాయే ఆశానిగ్రహమని మఱికొందరి భావము. అది సన్న్యాసుల సొత్తనియు, కాపురము చేయువారికి అంత పట్టింపు తగదనియు తలంచువారును లేకపోలేదు. ఈ మూడింటిలో నేదియు మాకు సరిగా దోపదు. ఈ పాఠమునందు మొదట ఆ పదమును, పిమ్మట దానిని తమ సంఘమునకు పునాదిగా జేసికొనిన మెథడిస్టుల చరిత్రమును, తుదకు ఆ సంఘము వేరూనిన జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో దానికి గలిగిన పరీక్షను విచారింపదలచినాము.

గ్రీకు మూలమున నీ స్థలమందున్న పదము ఎంక్రాటెయా. క్రాటోస్ అనగా బలము, అధికారము. కావున మూలపదమునకు తనపై తనకు అధికారము కలిగియుండుట యని యర్థము. తెలుగుపదము ఆశవంక చూచుచున్నది. గ్రీకుపదము ఆశను ఏలవలసినవానివంక చూచుచున్నది. భేదము స్వల్పముగా దోచవచ్చును గాని ఆచరణలో నది మిక్కిలి పెద్దది. ఆశను అణచుటయే పని యైనచో, అణచిన వెనుక మిగులునది శూన్యమే. యజమానుడు ఇంటికి వచ్చి తన పీటమీద కూర్చుండుట పని యైనచో, దొంగకు చోటు దానంతట నదే లేకపోవును. కల్లు మానిన మనుష్యుడు ఆఱుమాసములలో కోపిష్ఠియై భార్యాబిడ్డలను సాధించుట మనమెఱుగనిది కాదు. అతడు ఆశ నొకదానిని నిగ్రహించినాడు. ఇల్లుమాత్రము ఖాళీగానే యున్నది.

ఫలమను ఉపమానమును గూడ తేలికగా దాటిపోరాదు. ఫలమును ఎవ్వడును చేతితో జేయజాలడు. అయినను చేయి కదల్పనివాని చేనిలో పండునది కలుపే. జహీరాబాదు చుట్టుపట్ల ఎఱ్ఱనేలలలో జొన్నను, కందిని, అనుములను, ఇంకను నాలుగైదు పంటలను ఒక్క చేనిలోనే కలిపి విత్తు సన్నకారు రైతును చూడుడు. వాన కురిపించుట అతని చేతిలో లేదు. దుక్కి దున్నుట, విత్తనము కాపాడుట, కలుపు దీయుట, పశువు చొరకుండ కంపవేయుట అతని చేతిలో నున్నవి. పంట తన కష్టమేయని అతడు గర్వింపడు; వాన పడునుగదా యని పండుకొనడు. క్రైస్తవ వేదాంతులు దేవుని కృపకును మనుష్య ప్రయత్నమునకును గల సంబంధమునుగూర్చి వ్రాసిన సంపుటములు పెక్కులు గలవు. వానిలో చాలవానికంటె ఈ చేనుగట్టు మాకు స్పష్టముగా దోచుచున్నది.

అపొస్తలుల కార్యముల గ్రంథము ఇరువదినాలుగవ అధ్యాయమున ఈ పదమే మఱియొక సందర్భమున వచ్చుచున్నది. పౌలు కైసరయలో బందీయై యుండగా రోమా అధిపతియగు ఫేలిక్సు తన భార్య ద్రుసిల్లతో గూడ కూర్చుండి అతనిని పిలిపించి వినెను. వేడుకకై పిలిపింపబడిన బందీ నీతిని గూర్చియు, ఆశానిగ్రహమును గూర్చియు, రానున్న తీర్పును గూర్చియు మాటలాడెను. వినువా రెవరో యెఱిగినచో ఆ మాట యెంత సూటిగా దగిలినదో తెలియును. ఫేలిక్సు దాస్యమునుండి విడుదలపొంది అధికారమున కెక్కినవాడు. ద్రుసిల్ల హేరోదు వంశపు రాజకుమారి. ఎమెసా రాజును పెండ్లాడి, అతనిని విడిచి ఫేలిక్సును చేరినది. అధిపతి భయపడెను. భయపడి, వీలైనప్పుడు మరల పిలిపింతునని బందీని పంపివేసెను. పిమ్మట పలుమాఱు పిలిపించెను గూడ. ఏలయనగా లంచము దొరకునని అతని యాశ. రెండేండ్లు గడచినవి. ఫేలిక్సు బదిలీయై పోయెను. పౌలు చెఱలోనే యుండెను.

మేము ఈ కథను విద్యావంతులైన మన చదువరుల యెదుట నుంచుటకు కారణము గలదు. ఆశానిగ్రహమును బోధించువాడు సంకెళ్లతో నున్నాడు. అది లేనివాడు న్యాయపీఠముమీద నున్నాడు. మనదేశమున నీతిబోధ సాధారణముగా నడచు త్రోవ దీనికి తలక్రిందులు. పట్టణపు బంగళానుండి పల్లెకు, భూస్వామినుండి కూలికి, చదివినవానినుండి చదువనివానికి, మగవానినుండి ఆడుదానికి నది దిగివచ్చుచుండును. బైబిలులో నా పదము మొదటిసారి అధికారి చెవిని బడినప్పుడు క్రిందనుండి పైకి పోయినది.

ఇక మెథడిస్టుల విషయము. 1729 ప్రాంతమున ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ వెస్లీ, అతని తమ్ముడు చార్లెసు, మఱికొందరు విద్యార్థులు చేరి, నియమిత కాలములయందు ప్రార్థించుచు, ఉపవసించుచు, చెఱసాలలకు బోయి ఖైదీలను చూచుచు, దినచర్యను గంటగంటకు వ్రాసికొనుచు నుండిరి. తోటివారు వారిని పరిహసించి పెట్టిన పేరే మెథడిస్టులు, పద్ధతివారని చెప్పవచ్చును. వెస్లీ యొక్క ధనవ్యయమును గూర్చిన లెక్క ప్రసిద్ధమైనది. అతనికి ఏటికి 30 పౌనులు వచ్చుచుండగా 28 పౌనులతో జీవించి రెండు దానము చేసెను. మఱుసటియేట 60 వచ్చెను. 28తోనే జీవించి 32 ఇచ్చెను. మూడవయేట 90, నాలుగవయేట 120 వచ్చినను జీవనము 28 పౌనులే, తక్కినది బీదలది. జీతము పెరిగినకొలది ఇంటి ఖర్చు పెరుగుట ప్రకృతిధర్మమని మనము నమ్మియున్నాము. అది ప్రకృతిధర్మము కాదనుటకు ఈ నాలుగేండ్ల పద్దు చాలును.

అయితే ఇంత నియమముతో నున్న మనుష్యునికి శాంతి లేకుండెను. అమెరికాలోని జార్జియాకు బోధకుడుగా పోయి, అచ్చట భంగపడి, 1738లో తిరిగివచ్చెను. ఆ యేడు మే 24వ తేదీ సాయంకాలమున లండనులో ఆల్డర్సుగేటు వీథియందలి యొక చిన్న కూటమున, రోమీయుల పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను ఎవరో చదువుచుండగా, తన పాపములు క్షమింపబడినవను నిశ్చయము అతని హృదయమున గలిగెను. ఇందు గమనింపదగిన దేమనగా, ఆ సాయంకాలము తరువాత అతడు నియమములను విడువలేదు. తెల్లవాఱుజామున నాలుగింటికి లేచుట, దినచర్య వ్రాయుట, మితవ్యయము, అన్నియు బ్రదికినన్నాళ్లు సాగెను. మాఱినది వేరు. అంతకుముందు నియమము దేవుని ప్రేమను కొనుటకు చెల్లించు వెల. ఆపైన నది లభించిన ప్రేమను చేజార్చుకొనకుండుటకు కట్టిన గట్టు. ఒకే పని రెండు మనస్సులతో చేయబడినప్పుడు రెండు వేరు శీలములు పుట్టునని ఈ యొక్క జీవితమే చూపుచున్నది. వెలగా చెల్లించువాడు ఇతరులు తక్కువ చెల్లించిరని చూచుచుండును. అప్పుడు పుట్టునది కాఠిన్యము.

మహాత్ముల జీవితములను మచ్చలేనివానిగా వ్రాయుట మా పద్ధతి కాదు. ఇంతటి నియమశీలుడు 1751లో పెండ్లాడిన భార్యతో కాపురమును చక్కబెట్టుకొనలేకపోయెను. గుఱ్ఱముమీద దేశమంతయు తిరిగి వేలకొలది ప్రసంగములు చేసిన మనుష్యునికి ఇల్లు కుదరలేదు. ఆమె తుదకు విడిచిపోయెను. గంటలను ఏలుట నేర్చినవానికి తోడిమనిషితో మెలగుట దానంతట రాదు.

మెథడిస్టుల అసలైన సాధనము వెస్లీ దినచర్య కాదని మా యభిప్రాయము. అది 1742లో బ్రిస్టలు నగరమున, చాల లౌకికమైన యొక కారణముచేత పుట్టినది. సంఘమందిరమునకు అప్పు మిగిలియుండెను. దానిని దీర్చుటకై సభ్యులందఱు వారమునకొక పెన్నీ చొప్పున నియ్యవలెననియు, పండ్రెండుగురి కొక నాయకుడు వారివారి యిండ్లకు బోయి వసూలు చేయవలెననియు ఏర్పఱచుకొనిరి. పెన్నీ ఇయ్యలేనివారి పక్షమున నాయకుడు తానే యిచ్చుకొనును. నాయకులు ఇండ్లకు బోయి చూడగా ఒకచోట త్రాగుడు, ఒకచోట కలహము, ఒకచోట తిండిలేమి కనబడెను. అంతట ఆ వసూలు ఆత్మవిచారణ కూటముగా మాఱెను. పండ్రెండుగురు వారమున కొకసారి కలసికొని, గడచిన వారము తాము ఎట్లు బ్రదికిరో ఒకరి యెదుట నొకరు చెప్పుకొనుటయే క్లాసు కూటము. రంగు అద్దువారును, గని పనివారును, పనికత్తెలును అందులో కూర్చుండిరి. స్త్రీలు సయితము నాయకులుగా నుండిరి.

1743లో ప్రకటింపబడిన ఆ సంఘపు సామాన్య నియమములు మూడు: కీడు చేయకుండుట, మేలు చేయుట, దేవుని ఆరాధనా విధులను పాటించుట. మొదటిదానిక్రింద కీడు లేవియో విడమరచి చెప్పిరి. త్రాగుడు, కలహము అందులో నుండుట విశేషము కాదు. తీర్చు త్రోవ కనబడనప్పుడు అప్పుచేయుట, సుంకమెగవేసిన సరకు కొనుట లేక అమ్ముట, అధర్మవడ్డీ పుచ్చుకొనుట, బేరమునందు పెక్కుమాటలాడుట, ఇవియు అందులో జేరియున్నవి. బేరమున పెక్కుమాటలాడుటను పాపముగా నెన్నిన ధర్మశాస్త్రము మఱియొకటి యున్నచో చదువరులు తెలుపుదురుగాక! శీలమనునది పూజాగృహమున కంటె అంగడిలో ఎక్కువగా బయటపడునని వారు గ్రహించిరి.

ఈ సంఘపు శాఖలు రెండు మన తెలంగాణమునకు వచ్చినవి. ఇంగ్లాండు వెస్లియనులు మెదకు ప్రాంతమున పనిచేసిరి. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మెదకు పెద్దగుడి వారి కాలపుదే. 1947లో దక్షిణ ఇండియా సంఘమేర్పడినప్పుడు వారు అందు గలసిరి. అమెరికా మెథడిస్టులు హైదరాబాదు, వికారాబాదు, బీదరు వైపు వ్యాపించిరి. వీరు ఆ యైక్యమున జేరక, 1981లో మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియా యను స్వతంత్ర సంఘమైరి. జహీరాబాదు ప్రాంతపు క్రైస్తవులలో పెక్కుమంది ఈ రెండవ శాఖకు చెందినవారు. హైదరాబాదునుండి బొంబాయి పోవు రాజమార్గముమీద సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న జహీరాబాదు, 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. పిదప మెదకు జిల్లాకు వచ్చి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, దక్కనీ ఉర్దూ, మరాఠీ యొక్క సంతలోనే వినబడు సీమ. చెరకు, అల్లము, ఆలుగడ్డ, కంది ఇచ్చటి పేరుపొందిన పంటలు. మెదకు గోపురము దూరమునకే కనబడును గనుక అందఱును ఎఱుగుదురు. పండ్రెండుమంది చాపమీద కూర్చుండిన కూటము ఎవ్వరి కంటను పడదు. కాని శీలము పుట్టినది అచ్చటనే.

ఈ ప్రాంతమున క్రైస్తవమును స్వీకరించినవారిలో పెక్కురు మాల, మాదిగ వాడలవారు, భూమిలేని కూలీలు. ఇక్కడనే ఆశానిగ్రహ బోధకు అసలైన చిక్కు వచ్చినది. తనపై తనకు అధికారము కలిగియుండుటయే ఆ గుణమని పైన జెప్పితిమి. తన శరీరముమీదనే తనకు హక్కు లేనివానికి ఆ బోధ ఎట్లు చెప్పవలెను? నిజాం రాజ్యమున భగేలా యను వెట్టి యొకటి యుండెను. పెండ్లికో చావుకో చేసిన అప్పుకు బదులుగా కూలివాడు భూస్వామియింట జీతమునకు గుదురుకొనును, వడ్డీ పెరుగుచుండును, తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకొనును. 1936లో నిజాం ప్రభుత్వము ఈ యొడంబడికలను నియమమునకు లోపఱచుచు శాసనము చేసెను. భారతప్రభుత్వము 1976లో వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము చేసెను. ఇన్ని చట్టములు కావలసివచ్చుటయే ఆ కట్టు ఎంత బిగువైనదో చెప్పుచున్నది. ఆదివారము తనది కానివానికి విశ్రాంతిదినపు ఆచరణ యెక్కడిది? పొద్దుగూకువఱకు దొరపొలములో నుండి, కూలిలో కొంత కల్లుగా ముట్టినవానికి మద్యవర్జనము బోధించుట సులభమా?

ఇట్టి స్థితిలో రెండు తప్పుత్రోవలు గలవు. కూలివాని దారిద్ర్యమునకు అతని దుర్వ్యసనమే కారణమని నిందించుట మొదటిది. ఇది గొప్పయిండ్ల వరండాలలో నిప్పటికిని వినబడుచుండును, అబద్ధము, క్రూరమును. అతనిని నిందించువారిలో ఎందఱు అతని అప్పుపత్రమును చూచిరి? రెండవ త్రోవ, అన్నిటికిని పరిస్థితులే కారణము గనుక అతనినుండి ఏమియు నాశింపరాదనుట. ఇది దయవలె గనబడును గాని, మనుష్యుని మనుష్యుడుగా నెంచకపోవుటయే. మూడవ త్రోవ కలదని సంఘచరిత్రము చూపుచున్నది. అప్పుచేయకుమను వెస్లీ నియమము బ్రిస్టలు అంగడివానికి కేవలము జాగ్రత్త. భగేలా యున్న సీమలో నదే నియమము బిడ్డను వెట్టికి పంపకుండు ద్వారము. పెండ్లి ఖర్చు తగ్గించుకొనుట, చావునాడు కల్లు పోయకుండుట అనునవి యిక్కడ పెద్దమనిషి తరహా కావు. తన బిడ్డ తనకు దక్కుట. కాని యొక్క కుటుంబము ఒంటరిగా నీ పని చేయజాలదు. వాడయంతయు త్రాగు పెండ్లిలో ఒక్క తండ్రి కల్లుపోయననుట కష్టము. పదియిండ్లవారు ఒక్క చాపమీద గూర్చుండి ముందుగా మాట యనుకొనినచో, అవమానము పదింట పంచబడి తేలికయగును. క్లాసు కూటము చేసినది, చేయగలిగినది, ఈ పని.

దోర్నకలు బిషప్పుగా 1912లో అభిషేకము పొంది 1945లో మరణించువఱకు పనిచేసిన వేదనాయకం శామ్యూలు అజరయ్య ఆంగ్లికను సంఘమువాడు, మెథడిస్టు కాడు. అయినను ఈ విషయమున నతని దృష్టి తీక్ష్ణమైనది. మిక్కిలి బీదవారైన పల్లె క్రైస్తవులనుండి కానుక పుచ్చుకొనుట అన్యాయమని కొందరనగా, ఈయకుండుటయే వారిని బిచ్చగాండ్రుగా నుంచునని అతడు పట్టుబట్టెను. ఇల్లాలు ప్రతిపూట అన్నము వండుటకు ముందు, ఎసటిలో పోయవలసిన బియ్యమునుండి పిడికెడు తీసి వేఱు కుండలో వేయును. ఆదివారము ఆ కుండ గుడికి వచ్చును. ఈ పిడికెడు బియ్యపు వాడుక మన తెలుగు సంఘములలో విస్తారముగా వ్యాపించినది. ఆశానిగ్రహమునకు ఇంతకంటె మంచి పాఠశాల మే మెఱుగము. రూపాయికానుక ఏడాది కొకసారి ఉత్సాహము వచ్చినప్పుడు ఇయ్యవచ్చును. పిడికెడు బియ్యము ఆకలి వేళనే, బిడ్డ లేడ్చుచుండగనే తీయవలెను. పుచ్చుకొనువాడు ఇచ్చువాడుగా మాఱునది ఆ కుండయొద్దనే. అయితే ఒకమాట చెప్పక తప్పదు. ఆ పిడికెడు ఇల్లాలి పళ్లెములోనిదే యగుచుండును. మగవాని పళ్లెమున కొఱత పడదు. నిగ్రహభారమంతయు స్త్రీలమీద మోపి, ఆ పుణ్యమున సగపాలు పురుషులు తీసికొనుట క్రైస్తవసంఘమునకు మాత్రమే గల దోషము కాదు గాని, అచ్చటను గలదు.

పల్లెవారు బియ్యముకొఱకు మతమున జేరిరని యెగతాళి చేయువారు నేటికి నున్నారు. అమెరికా మెథడిస్టు బోధకుడగు వాస్కం పికెట్టు 1933లో ప్రకటించిన గ్రంథమున హిందూదేశపు సామూహిక మతాంతరీకరణములను విస్తారముగా పరిశోధించెను. ఎవరు ఏ యుద్దేశముతో జేరిరనుదానికంటె, చేరినపిమ్మట వారికి గలిగిన శిక్షణయే వారి శీలమును ఎక్కువగా నిర్ణయించినదని అతని పరిశీలనమున దేలినది. ఇది బీదవారికి మాత్రమే వర్తించు మాట కాదు. మనలో నెవడు నిర్మలమైన యుద్దేశముతో ఏ సంఘమున జేరినాడు? తండ్రి చేరెనని, స్నేహితుడు పిలిచెనని, పేరు వచ్చునని చేరినవారము పెక్కురము. పిదప నేమి నేర్చితిమన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న విద్యాధికులనే గట్టిగా అడిగినవాడు రఘుపతి వేంకటరత్నం నాయుడు. 1862లో మచిలీపట్టణమున జన్మించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో మిల్లరు దొరగారి శిష్యుడై, బ్రహ్మసమాజికుడైన ఈయన, సికిందరాబాదు మహబూబు కళాశాలకును పిమ్మట కాకినాడ పిఠాపురము రాజా కళాశాలకును అధ్యక్షుడుగా నుండెను. భోగముమేళములను బహిష్కరింపవలెనని ఈయన చేసిన యుద్యమము పల్లె కూలీలనుద్దేశించినది కాదు. వివాహములలో మేళము పెట్టించి, మొదటివరుసలో గూర్చుండి తిలకించు వకీళ్లను, జమీందారులను, ఉద్యోగులను ఉద్దేశించినది. కూలివాని కల్లుముంతను చూచి ముక్కు మూసికొనువాడు తన సభలోని వ్యసనమును కళాపోషణమని పిలుచుకొనుచుండెను. క్రైస్తవ కళాశాలలో తాను జూచిన నైతికనిష్ఠను ఈయన క్రైస్తవుడు కాకయే స్వీకరించి, తన తెగవారిమీదనే మొదట ప్రయోగించెను. ఫేలిక్సు యెదుట పౌలు మాటలాడిన దిక్కు ఇదియే.

చట్టముచేత శీలము గలుగునా యనునది పాతప్రశ్న. మన రాష్ట్రమున దానికి మంచి నిదర్శన మున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలకు ప్రాకెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను; 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో సడలింపబడెను. స్త్రీలు ఊరూర గూడి కాపలాగాచిన దినములలో నిలిచిన నిషేధము, ఆ పని పోలీసులకు అప్పగింపబడిన దినములలో సడలెను. చట్టము వ్యర్థమని మే మనము. దుకాణము ఇంటి గుమ్మమున లేకపోవుట త్రాగువానికి పెద్దసాయము. కాని కాపలా యుండునది ప్రక్కయింటివారి కన్నులలో, తాఖీదులో కాదు.

ఈ సంగతి మతముతో నిమిత్తము లేకయే జహీరాబాదునకు ప్రక్కనున్న పస్తాపురమున గూడ కనబడుచున్నది. 1983లో మొదలైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ పేరిట, పల్లెలలోని బీదస్త్రీలు, ముఖ్యముగా దళితస్త్రీలు, సంఘములుగా గూడి, తమలో తాము మాటాడుకొని, బీడుభూములను సాగుచేసి, జొన్నను తమ పల్లెలోనే నిలువజేసికొని, విత్తనములను కుండలలో కాపాడుకొనుచు వచ్చిరి. విత్తనము దాచుకొనుట అన్ని నిగ్రహములలో కఠినమైనది. గింజలు కంటియెదుట నుండును. వేసవిలో ఇంట తిండి యుండదు. అయినను వానిని ముట్టరాదు. ఒక్కతె దాచిన గింజ ఆ యింటి యాకలికి కరగిపోవును. ఊరిసంఘము దాచిన గింజ తొలకరివఱకు నిలుచును.

అట్లయిన నియమమున రహస్యమునకు చోటు లేదా? ఉన్నది. మత్తయి సువార్త ఆఱవ అధ్యాయమున క్రీస్తు ఉపవాసమును, ధర్మమును, ప్రార్థనను గుట్టుగా జేయుమని బోధించెను. ఉపవాసమున్నవాడు తల నూనె రాచుకొని, మొగము కడుగుకొని తిరుగవలెను. దీనికిని క్లాసు కూటమునకును విరోధము లేదు. మంచి చాటునను, దోషము స్నేహితుల యెదుటను ఉండవలెననుటయే రెండింటి కలయిక. మన వాడుక దీనికి సరిగా ఎదురు. ఉపవాసము పదిమందికి దెలియును. అప్పు భార్యకు గూడ దెలియదు.

క్లాసు కూటములు పందొమ్మిదవ శతాబ్దములోనే ఇంగ్లాండునను అమెరికాలోను క్షీణించుటకు మొదలిడెను. సంఘము ధనికమైనకొలది అది సన్నగిల్లెను. చెప్పినమాటే ప్రతివారము చెప్పుట, అందఱును బాగుగ నున్నామనుట, లేదా ఒకరి గుట్టు మఱియొకరింట చాటుట, ఈ మూడు చీడలచేత నది పాడయ్యెను. మరల దానిని ప్రారంభింపదలచినవారు, వారు ఏ సమాజమువారైనను, కొన్ని జాగ్రత్తలు పుచ్చుకొనవలెను. పండ్రెండుగురికి మించి చేరరాదు. దినము, వేళ మాఱరాదు. యజమానుడును అతని పనివాడును ఒక్క కూటమున నున్నచో, మొదట యజమానుడే మాటాడవలెను. పనివానిని ముందుగా మాటాడించిన కూటము న్యాయసభ యగును. ఎదుటివాని దోషమును అడుగరాదు. తన దోషమునే చెప్పవలెను. డబ్బు మాట తప్పక రావలెను: ఈ వారము ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎవరికి బాకీ, ఎవరికూలి ఇంకను ఇయ్యలేదు. విన్నది గడప దాటరాదు. గంటకు మించి కూర్చుండరాదు. మఱునాడు తెల్లవాఱకమునుపే చేనికి పోవలసినవారు అందులో నుందురు గనుక.